సూదికి బొట్టు

ఆ రోజుల్లో నాకు భయపడటానికి తీరిక బాగా ఉండేది. ఇప్పుడు పెళ్ళాం, పిల్ల, షిఫ్టు డ్యూటీ, గ్యాసు బండ బుకింగూ వచ్చిపడ్డాక భయపడాలన్నా మధ్యలో సందు చూసుకుని గబగబా భయపడి లేచిపోవాల్సి వస్తోంది గానీ, అప్పుడలా కాదు. సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒక భయాన్ని ఎంచుకుని, దాన్ని అన్ని వైపుల నుంచీ చూసి, తృప్తిగా భయపడి, అది అయ్యాక ఇంకోటి అందుకునేవాణ్ణి. ఆ రోజులంటే మరీ పాత రోజులని అనుకునేరు. చేతిలోకి స్మార్టు ఫోన్లు వచ్చేసిన రోజులే. నా ఒంటి మీద మాత్రం ఇప్పటికన్నా బరువు తక్కువ, నెత్తి మీద జుట్టు ఎక్కువ.

వర్క్‌షాపులో నా పేరు ఎవరూ వాడేవారు కాదు. అందరికీ నేను 'కాషన్'. పట్టాలు బాగాలేని చోట నెమ్మదిగా పొమ్మని రైలు డ్రైవరుకి ముందే ఒక కాగితం ఇస్తారు, దాన్ని కాషన్ ఆర్డర్ అంటారు. ఏ పని మొదలెట్టినా "కొంచెం చూసుకుని..." అని నేను అనడంతో, ఇరవై రెండేళ్ళ వయసుకే ఆ పేరు నాకు అంటుకుపోయింది. మా తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరాడు. అప్పట్నుంచి మా ఇంటి మగవాళ్ళందరూ ఏదో ఒక షాపులో నూనె మరకలు పులుముకుంటూనే ఉన్నారు. నాది మోటార్లకి తీగ చుట్టే సెక్షను. మా నాన్న ఉద్యోగం వేరే ఊళ్ళో కావడంతో నేను పూరీ గేట్ దగ్గర మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. అత్త ఇంట్లోనే కుట్టు మిషను మీద జాకెట్లు కుట్టేది. మావ వర్క్‌షాపులో టర్నరుగా చేసి రిటైరయ్యాడు. లేతు మిషనే ఆయన లోకం కాబట్టి వీధిలో అందరికీ లేతు మావ. వాళ్ళకి పిల్లల్లేరు. అందుచేత ఇద్దరి ముద్దూ, ఇద్దరి తిట్లూ నా ఒక్కడి మీదే పడేవి.

ఇలాంటి భయస్తుడికి ఖరీదైన పిచ్చి పట్టకూడదు. కానీ పట్టింది. మా సెక్షన్లో ఒక బెంగాలీ సీనియర్ ఉండేవాడు, రికార్డు దాదా అని పిలిచేవాళ్ళం. ఇంటి నిండా పాత గ్రామఫోను రికార్డులే. నల్లటి పళ్ళాలు, అట్ట సంచులు, మధ్యలో వాళ్ళావిడకి పడుకోవడానికి కాస్త చోటు. ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టి ఒక రికార్డు వినిపించాడు. ఫోన్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినేవాణ్ణి నేను, గదిలో ఎవరో మనిషి వచ్చి నిలబడి పాడుతున్నట్టు అనిపించి వెనక్కి తిరిగి చూశాను (నిజం చెప్పొద్దూ, కొంచెం భయం కూడా వేసింది). అయితే దాదా ప్లేయరుకి ఒక జబ్బు ఉండేది. దాన్లో మోటారు ఒక పక్కన, రికార్డుని తిప్పే పళ్ళెం ఒక పక్కన, రెండింటికీ మధ్య రబ్బరు బెల్టు. మా ఊరి వైశాఖ మాసపు ఎండకి ఆ బెల్టు సాగిపోయి, పాడే ఆయనకి జ్వరం తగిలినట్టు పాట నీరసంగా సాగేది. "బెల్టు లేని మిషను ఉండేది రా, మోటారు ఇరుసు మీదే పళ్ళెం! డైరెక్టు! జపాను కంపెనీవాడు తయారీ ఆపేశాడు," అని దాదా చెప్పేవాడు. పొద్దున్న లేస్తే మోటార్లతోనే నా బతుకు. మోటారే పళ్ళెమై, పళ్ళెమే మోటారై తిరిగే యంత్రం అనేసరికి నాకు నిద్ర పట్టలేదు.

అదిగో అలాంటప్పుడు, ఒకరోజు మధ్యాహ్నం టిఫిను డబ్బా సగంలో ఉండగా, దాదా చేతిలో ఫోను పట్టుకుని షాపు ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తుకొచ్చాడు. ఆ జపాను కంపెనీ ఆ మిషన్ని మళ్ళీ తయారు చేస్తోందట. పాతదాని కంటే బరువైన పళ్ళెం, కొత్త మోటారు, అంతా చేత్తో కూర్చిందట. ఫొటో చూశాను. వెండిరంగు పళ్ళెం, అంచున చిన్న చిన్న చుక్కలు, పక్కన సూదిని మోసే వంపు తిరిగిన కడ్డీ. నా పెళ్ళిచూపుల్లో కూడా (ఆ తర్వాత కొన్నాళ్ళకి జరిగాయి) నేనంతసేపు తలెత్తి చూడలేదు. కలకత్తాలో ఒక డీలరు ఉన్నాడనీ, ముందుగా చెప్పి ఉంచితే తెప్పిస్తాడనీ దాదా అన్నాడు. నా మోటారు సైకిలు అమ్మేసి, ఓవర్‌టైము చేసి, దసరా బోనసు కలిపి ఆర్డరిచ్చేశాను. జీవితంలో నేను కాషన్ లేకుండా చేసిన మొదటి పని అది. దానికి వడ్డీతో సహా ఆ తర్వాత ఏడాదంతా భయపడ్డాను.

మొదట, కంపెనీవాడు మనసు మార్చుకుంటాడని భయం. తర్వాత ఓడ మునుగుతుందని భయం. ఆ తర్వాత, ఇలాంటి మిషన్లున్నవాళ్ళు ఇంటర్నెట్లో రాసుకునే కబుర్లు చదవడం మొదలెట్టి చెడిపోయాను. అందులో ఒకాయన, వీధిలో లారీ పోతే తన ఇంట్లో సూది గెంతుతోందని వాపోయాడు. ఆ సూది సంగతి చెప్పాలి. రికార్డు గాడిలో నడిచేది ఒక వజ్రపు మొన, నలకంత. అది వెంట్రుకంత సన్నటి లోహపు పుల్ల చివర ఉంటుంది. దానికి వేలు తగిలితే చాలు, ఖేల్ ఖతం. మిషనుకి పెట్టినంతలో చెప్పుకోదగ్గ వాటా ఆ సూదికే పెట్టాను. లారీ సంగతి చదివాక నాకు గుర్తొచ్చింది, మా ఇంటి వెనకాల లారీలు పోవు. గూడ్సు రైళ్ళు పోతాయి.

ఆ సాయంత్రమే అలమరా మీద స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి, రైలు వచ్చేదాకా దాని ముందు గొంతుక్కూర్చున్నాను. ఇనుప ఖనిజం మోసుకుంటూ ఒక గూడ్సు నిమ్‌పురా యార్డు వైపు పోయింది. గ్లాసులో నీళ్ళు గుండ్రంగా గుండ్రంగా వణికాయి. వాటితో పాటు నేనూ వణికాను. "అత్తా, రైలుకి ఇల్లంతా ఊగుతాది కదే!" అన్నాను. "రైలా? ఏ రైలు? నాకినబళ్ళేదే," అంది అత్త పోపు వేస్తూ. మావ కూడా పేపర్లోంచి తలెత్తి, "ఇప్పుడు రైలెక్కడిదిరా?" అన్నాడు. ఆ ఇంట్లో వాళ్ళ కాపురమంతా గడిచింది కదా, రైలు వెళ్ళడం వాళ్ళకి తెలియదు. రైళ్ళు ఆగిపోయిన రోజు మాత్రం ఇద్దరూ లేచి కూర్చుని "ఏటో తేడాగా ఉన్నాదే" అనుకునేవారు. మరో గూడ్సు వచ్చేలోగా అత్త ఆ గ్లాసులో నీళ్ళు తాగేసి వెళ్ళిపోయింది. చివరికి వంటగట్టు కట్టగా మిగిలిన నల్లరాయి పలక తెచ్చి, దాని కింద పాత స్కూటరు ట్యూబు ముక్కలు మడిచిపెట్టి, గ్లాసులో నీళ్ళు కదలకుండా ఉండేదాకా నెలల తరబడి అదే పని చేశాను. గ్లాసు నిలబడింది. నా గుండె నిలబడలేదు.

ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పానంటారా? పాటల మిషను వస్తోందని చెప్పాను. అత్త ఎగిరి గంతేసింది. మావ పెట్టెలో ఒక పాత సన్నాయి రికార్డు ఉండేది. వాళ్ళ పెళ్ళికి పలాస నుంచి రావలసిన మేళగాళ్ళకి రైలు తప్పిపోయిందట. ముహూర్తం దగ్గర పడుతోంటే, మావ స్నేహితుడు గోల్‌బజారుకి పరిగెత్తి ఆ రికార్డూ, ఎవరిదో ప్లేయరూ పట్టుకొచ్చాడట. మూడు ముళ్ళూ దానికే పడ్డాయి. తర్వాత వాళ్ళు కొనుక్కున్న ప్లేయరు పాడయ్యాక ఆ రికార్డు మళ్ళీ మోగలేదు. "మొట్టమొదట నా పెళ్ళి మేళమే ఎయ్యాల," అని అత్త నా దగ్గర ఒట్టు వేయించుకుంది. దాంతో నా భయానికి ఒక బరువు కూడా తోడైంది. సూది విరిగితే నా సరదా ఒక్కటే కాదు, అత్త పెళ్ళి మేళం కూడా పోతుంది.

సెప్టెంబరులో డీలరు ఫోను చేశాడు. కొరియరువాణ్ణి నేను నమ్మలేదు (నన్ను నేనే నమ్మనివాణ్ణి). దాదాని వెంటబెట్టుకుని కలకత్తా వెళ్ళి, మిషను ఉన్న పెద్ద అట్టపెట్టె చెరో పక్కనా పట్టుకుని, హౌరాలో లోకల్ ఎక్కాం. పెట్టె మా ఇద్దరి ఒళ్ళోనూ పరుచుకుని కూర్చుంది. సూది ఉన్న చిన్న డబ్బా మాత్రం నా చొక్కా లోపల, బనీనుకీ గుండెకీ మధ్యన ఉంది. సాంత్రాగాఛీ దాటగానే ఝాల్‌ముడి అమ్మేవాడొకడు తన డబ్బాల స్టాండు తెచ్చి నా పెట్టె మీద పెట్టి మరమరాలు కలపడం మొదలెట్టాడు. ఆవనూనె సీసా వంగినప్పుడల్లా నేనూ వంగాను. "భొయ్ కిసేర్ రే? నీకెందుకురా అంత భయం?" అని దాదా నవ్వుతూ, తనకో పొట్లం కట్టించుకుని, దాన్నీ పెట్టె మీదే పెట్టుకుని తిన్నాడు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద దిగేసరికి నా చొక్కా పిండితే బక్కెట్టు నిండేది.

ఇంటికొచ్చి, మిషన్ని రాతి పలక మీద కూర్చోబెట్టి, కడ్డీకి సూది అమర్చి, ఇక స్విచ్చి నొక్కబోతున్నాను. వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "ఆగరా గుంటడా! రేపేటో తెలుసా?"

తెలుసు. వర్క్‌షాపు ఊళ్ళో పుట్టినవాడికి తెలియకపోవడమేమిటి? మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజున మా ఊళ్ళో మిషన్లకి సెలవు. లేతుకీ, డ్రిల్లుకీ, క్రేనుకీ, ఆటోకీ, సైకిలుకీ, ఆఖరికి మా అత్త మిక్సీకి కూడా నూనె తుడిచి, గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తోరం కట్టి, కొబ్బరికాయ కొడతారు. కొత్త మిషను వస్తే ఆ పూజ కాకుండా స్విచ్చి వేయరు. నేనిదంతా మర్చిపోయాను. ఏడాదంతా ఓడల గురించీ, రైళ్ళ గురించీ భయపడ్డవాణ్ణి, అసలు భయపడాల్సిన దాని గురించి ఒక్క రోజు కూడా భయపడలేదు. గంధం, కుంకుమ, కొబ్బరినీళ్ళు, సాంబ్రాణి పొడి, అక్షింతలు, వీటన్నిటి మధ్యలో నలకంత వజ్రం!

"అత్తా, ఇది లేతు మిసను కాదే. పాటల మిసను. దీనికి పూజేటి?" అన్నాను బతిమాలుతూ. అత్త ముఖం మారిపోయింది. "అలగనే అన్నాడు మీ మావ సావాసగాడూ. పూజ సోమారం గదా, ఇప్పుడేటవుద్ది, ఒక్కపాలి తిప్పి సూద్దారి అన్నాడు. ఏటయ్యింది?" అని మావ ఎడమ చెయ్యి పట్టుకుని నా ముఖం ముందుకి లాగింది. మావకి ఆ చేతికి చిటికెన వేలూ, దాని పక్క వేలూ లేవు. రిటైరయ్యాక మలంచాలో స్నేహితుడి చిన్న షెడ్డులో సరదాగా పని చేస్తుండగా, పూజ కాకుండా తిప్పిన, రేకులు నొక్కే కొత్త ప్రెస్సులో పోయాయి. మావ చెయ్యి వెనక్కి తీసుకుని, "ఒగ్గేయే, గుంటణ్ణి బెదిరిస్తావేటి," అన్నాడు మెల్లిగా. అత్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు రోజూ కరెంటు మోటార్ల మధ్యన సేతులెట్టి పని సేస్తావు. నువ్వు ఇంటికొచ్చేదాకా నా పేనం నాకుండదు. పూజ సెయ్యకుండా దీన్ని ముట్టినావా, నా మీద ఒట్టే," అంది. అప్పటిదాకా ఆ ఇంట్లో భయస్తుణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే నేనొక పథకంతో లేచాను. సూది ఉన్న తలకాయ భాగం మర తిప్పితే కడ్డీ నుంచి ఊడి వస్తుంది. అది ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాను. మిగతాదానికి గంధం పూస్తే పూసుకోనీ, తర్వాత తుడుచుకోవచ్చు. అత్త తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, పళ్ళెంలో సరంజామా పట్టుకుని వచ్చింది. కుట్టు మిషనుకి పెట్టింది, మిక్సీకి పెట్టింది, నా పనిముట్ల పెట్టెకి పెట్టింది. పాటల మిషను దగ్గరికి వచ్చి ఆగింది. "ఇదేటిరా, దీనికి నిన్న తలకాయ ఉన్నాది గదా?" అంది. నా చెయ్యి జేబు మీదికి పోయింది. "ఓలమ్మో! తల నేని మిసనుకి పూజ సేత్తారేటి? అపసకునం కాదేటి? బేగి ఎట్టు!" అని గుండెలు బాదుకుంది. జేబులోంచి తీసి బిగించాను. చేతులు వణకడం చూసి మావ, "ఏటిరా అల్లుడూ, సలిగా ఉందా?" అన్నాడు సెప్టెంబరు ఉక్కలో.

అయినా ఇంకో ఆశ మిగిలింది. సూది మీద ఒక ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, వాడనప్పుడు తొడిగి ఉంచేది. దాన్ని అలాగే వదిలేశాను. మావ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసి, "టోపీ తియ్యి," అన్నాడు. "ఎందుకు మావా?" "దేవుడి ముందు టోపీయేటిరా? అయినా అల్లుడూ, బొట్టు ఎక్కడ ఎట్టాల? మిసనులో ఏది పని సేస్తాదో దానికే ఎట్టాల. లేతుకి ఎక్కడెడతాం? తిరిగే సక్కుకి కాదు. ఇనుముని కోసే టూలు మొనకి. ఈ మిసనులో పని సేసేదేది?" నేను వెంటనే, "పళ్ళెం మావా, పళ్ళెమే! తిరిగేది అదే కదా!" అన్నాను. మావ నవ్వాడు. "తిరిగేది ఊరికే తిరుగుతాదిరా. సూదే పని సేసేది. నాకు తెలీదేటి? టోపీ తియ్యి." ఆయన జీవితమంతా చేసిన పూజ అది. టోపీ తీశాను. కిటికీ వెలుతురులో ఆ వజ్రపు మొన ఒక్కసారి మెరిసింది, పాపం, దానికేం తెలుసు.

ఇక పూజ సాగింది. కిటికీలోంచి పక్కవీధి పిల్లల గాలిపటాల కేకలు, అవతల ఎవరింట్లోనో శంఖం ఊదుతున్న చప్పుడు, మా ఇంట్లో అత్త నోట మంత్రమని చెప్పలేని, పాట అని చెప్పలేని ఏదో సన్నటి గొణుగుడు. మిషను అంచుకి గంధం రాసింది. సాంబ్రాణి పొగ తిప్పింది. నేను ఊపిరి బిగబట్టి, పొగలోంచి నలకలు పడతాయేమోనని కళ్ళు మిటకరించుకుని చూస్తున్నాను. నా కుడిచేతి మణికట్టుకి పసుపు తోరం కట్టి, "ఈ సెయ్యి సల్లగా ఉండాల," అని మూడు ముడులు వేసింది. కొసలు పొడుగ్గా వేలాడుతున్నాయి. అప్పుడు కుంకుమ భరిణెలో ఉంగరం వేలు ముంచింది. ఎర్రటి వేలు. అది మెల్లిగా, చాలా మెల్లిగా, కడ్డీ చివరకి వెళ్తోంది. వేలికీ సూదికీ మధ్య బెత్తెడు దూరం. తర్వాత అంగుళం. పొట్టలోంచి ఎలాగో పుట్టింది కేక. "అత్తా, ఆగు!" అని చెయ్యి అడ్డం పెట్టేశాను.

చెయ్యి అడ్డం పెట్టినప్పుడు తోరం కొస వెళ్ళి సూది కింద చిక్కుకుంది. అది చూసి హడలిపోయి, చెయ్యి వెనక్కి గుంజేశాను. 'టిక్' మని చప్పుడైంది. అంతే. గోరు విరిగితే అయ్యే చప్పుడు అంతకన్నా పెద్దదిగా ఉంటుంది. సన్నటి పుల్ల తోరం పోగుకి వేలాడుతోంది, దాని చివర నా వజ్రం. ఏడాది పాటు నేను ఎదురుచూసింది, మోటారు సైకిలు అమ్మి తెచ్చుకున్నది, అత్త పెళ్ళి మేళం మోగించవలసింది, ఒక్క పాట కూడా పాడకుండా నా చేతికే కట్టిన రక్ష తాడుకి వేలాడుతోంది.

నేను ఏడ్చేవాణ్ణే గానీ, అత్త నాకా అవకాశం ఇవ్వలేదు. ఆమె మిషను వైపు చూడనే లేదు. చప్పుడు వినగానే పూజ పళ్ళెం కింద పడేసి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, పిడికిలి విప్పించి, బొటనవేలు దగ్గర్నుంచి చిటికెన వేలిదాకా ఒక్కోదాన్నీ గట్టిగా నొక్కి చూసింది. ఆమె చేతి కుంకుమ నా వేళ్ళ నిండా అంటుకుంది. నా వేళ్ళకంటిన ఎరుపు కుంకుమేనని నిర్ధారణ చేసుకోవడానికి తన కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు. "అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నాయి బాబూ," అంది, నాతోనో, మావతోనో, గోడ మీది పటంలోని దేవుడితోనో. మావ అటు తిరిగి కిటికీలోంచి గాలిపటాలు చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణాన సూది పోయిన బాధ నా లోపలెక్కడో ఉంది గానీ, దాన్ని వెతికి బయటికి తీసుకురావడానికి నాకే సిగ్గేసింది.

అంతా సర్దుకున్నాక అత్త అడిగింది, "అసలు నువ్వెందుకు సెయ్యెట్టినావు?" "నువ్వు సూదికి బొట్టెడతన్నావు కదే! వేలు తగిల్తే ఇరిగిపోద్దని..." అన్నాను. అత్త నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "సూదికి బొట్టేటిరా ఎర్రోడా? పుట్టి బుద్దెరిగిన కాణ్ణించీ జాకెట్లు కుట్టినదాన్ని, సూదిని వేలితో ముట్టకూడదని నాకు తెలీదేటి? మీ మావ వాగుడు వాగనియ్, నాను ఆ సూది పైనున్న రేకుకి ఎట్టబోనాను," అంది. మావ కిటికీ దగ్గర్నుంచే, "లేతుకయితే మొనకే ఎడతాం మరి," అని గొణిగాడు. "మీ లేతు తగలెయ్య!" అంది అత్త. నేను కింద పడ్డ అక్షింతలు ఏరడం మొదలెట్టాను.

ఆ మధ్యాహ్నం వర్క్‌షాపులో ఇంటిల్లిపాదికీ ఖిచిడీ భోజనం. రికార్డు దాదా విగ్రహం దగ్గర నిలబడి ప్రసాదం పంచుతూ, దూరం నుంచే కనుబొమలెగరేసి "ఎలా ఉంది?" అని సైగ చేశాడు. దగ్గరికెళ్ళి తోరం చూపించాను. దానికి ఆ పుల్ల ఇంకా అలాగే ఉంది, తీయడానికి మనసొప్పలేదు. దాదా కళ్ళజోడు పైకెత్తి చూసి, చేతిలోని ఖిచిడీ గరిటె పక్కన పెట్టి, చచ్చిపోయినవాళ్ళకి చేసినట్టు దానికి నమస్కారం పెట్టాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "అరే కాషన్, రైలు నుంచి కాపాడావు, ఓడ నుంచి కాపాడావు. నీ నుంచి ఎవరు కాపాడతార్రా?" అన్నాడు. మా సెక్షను మొత్తం ఆ మాట మర్చిపోకుండా నేను బదిలీ అయ్యేదాకా వాడుకుంది.

కొత్త సూదికి మళ్ళీ ఆర్డరిచ్చాను. మళ్ళీ ఆ డీలరు, ఆ ఓడ, ఆ నెలలు. కానీ ఈసారి నాకొక వింత జరిగింది. పూజ మర్నాడు, డ్యూటీ నుంచి వచ్చి, ఎలాగూ మిషను వచ్చింది కదా అని స్విచ్చి నొక్కాను. పళ్ళెం తిరిగింది. చప్పుడు లేదు. అంచున ఉన్న చుక్కలు, పక్కనున్న చిన్న లైటు వెలుగులో చూస్తే, కదలకుండా నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. వేగం సరిగ్గా ఉందనడానికి అదే గుర్తు. మోటారు పనివాణ్ణి కదా, నాకు తెలుసు అదెంత గొప్ప విషయమో. అంత పళ్ళెం తిరుగుతూ ఉండటం, దాని మీది చుక్కలు నిశ్చలంగా ఉండటం. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గూడ్సు రైలు పోయింది. పోతే పోయింది. ఎలక అటక మీద పరిగెత్తింది. పరిగెత్తుకోనీ. అత్త దుమ్ము దులిపే గుడ్డతో మిషను తుడిచింది. తుడుచుకోనీ. విరగాల్సింది విరిగిపోయింది, ఇక దేనికీ భయపడక్కర్లేదు. మావ కూడా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "బలే తిరుగుతాదిరా," అనేవాడు. పాట లేని పాటల మిషను ముందు మేమిద్దరం టీ తాగుతూ చూసిన ఆ సాయంత్రాలంత ప్రశాంతంగా నేను అంతకుముందు లేను. దాదా ఒకసారి వచ్చి, మా ఇద్దర్నీ చూసి, తనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కొత్త సూది వచ్చింది. దాంతో పాటే నా వణుకూ తిరిగి వచ్చింది. బిగించడానికి నాకు ఒక ఆదివారం అంతా పట్టింది. అత్త పట్టుచీర కట్టుకుని, మావ ఉతికిన పంచె కట్టుకుని, పెళ్ళి మేళం వినడానికి వచ్చి కూర్చున్నారు. రికార్డు పళ్ళెం మీద పెట్టాను. పళ్ళెం తిరిగింది. కడ్డీ ఎత్తాను. రికార్డుకి తగలనివ్వకుండా తిరిగి దాని చోట పెట్టేశాను. మళ్ళీ ఎత్తాను. "ఏటిరా, ముహూర్తం దాటిపోతాది!" అన్నాడు మావ. మూడోసారి ఎత్తేసరికి అత్త లేచొచ్చి, "నువ్వు లే," అని నన్ను పక్కకి తోసి, కళ్ళజోడు ముక్కు కొసకి దించుకుని, రెండు వేళ్ళతో కడ్డీ పట్టుకుని, జాకెట్టుకి హుక్కు పెట్టినంత తేలిగ్గా సూదిని గాడిలో దించేసింది. సన్నాయి అందుకుంది. డోలు పడింది. చివరికి అత్త మావ వైపు తిరిగి, "మన పెళ్ళిలో ఇంత బాగా వాయించనేదే?" అంది. "ఆ రోజు నాను ఇననేదు," అన్నాడు మావ. "ఎందుకినలేదు?" "భయమేసి," అన్నాడు.

ఇప్పుడు నాకు పెళ్ళయింది, క్వార్టరు వచ్చింది, మిషను నా ఇంటికి వచ్చింది. అత్తా మావా మాతోనే ఉంటున్నారు. ఆదివారం పొద్దున్న రికార్డు పెట్టడమంటే మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. రికార్డు తుడిచేది నేను, పళ్ళెం తిప్పేది నేను, చుక్కలు నిలబడ్డాయని చూసి చెప్పేది నేను. తర్వాత అత్తని కేకేసి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయి, కళ్ళు మూసుకుని, గ్యాసు పొయ్యి పక్కన నిలబడతాను. "ఈ మనిషేంటో," అంటుంది మా ఆవిడ ఉప్మా కలుపుతూ. పాట వినిపించాక బయటికి వస్తాను, ఏమీ ఎరగనట్టు.